పలుగు లేని రాయి

నిరుడు ఏప్రిల్ పదిహేను, మంగళవారం, సాయంత్రం నాలుగూ ఇరవైకి తిరుపాల్ అనే రైతు మల్బరీ తోటలో ఆకాశం నుంచి రాయి పడింది. పెనుకొండకు పడమర పదకొండు కిలోమీటర్లు. నేను పేపరు విలేకరిని; హిందూపురం నుంచి చేరేసరికి ఐదున్నరయింది. గుంత మూరెడు లోతుంది. పద్నాలుగు మొక్కలు విరిగాయి. రాయి రెండు ముక్కలైంది. పైన పెనం మసి లాంటి నలుపు, విరిగినచోట సిమెంటు రంగు.

పిడుగు పడిందా అని తిరుపాల్‌ను అడిగాను.

"మొయిలే ల్యాకపాయ, పిడుగు యాడిదన్నా? లారీ టైరు పగిలినట్ల శబ్దమొచ్చె. తిరిగి చూస్తే దుమ్ము."

ఆరు గంటలకు రెవెన్యూ వాళ్లు వచ్చి పంచనామా రాసి, పెద్ద ముక్కను గోతంలో వేసి సీలు వేశారు. తిరుపాల్ ఏం చూశాడో, ఏం విన్నాడో వాళ్లు అడగలేదు. రెండో ముక్క పిడికిలంత. అది ఏమైందో కూడా అడగలేదు. అప్పటికే తిరుపాల్ దాన్ని పట్టుపురుగుల తట్టల కింద పెట్టాడు.

మర్నాడు పొద్దున సుచిత్ర వచ్చింది. ధర్మవరంలో పట్టుచీరల అంగడి వాళ్ల అమ్మాయి. అక్కడే కాలేజీలో జియాలజీ చెబుతుంది. శబ్దం ఏ వైపు నుంచి వచ్చిందో, రాయిని ముట్టుకున్నప్పుడు వేడిగా ఉందో చల్లగా ఉందో ఆమె తిరుపాల్‌ను గంటసేపు అడిగి రాసుకుంది. ఆ గంట అయ్యాక అతను లోపలికి వెళ్లి పిడికిలంత ముక్క తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. రాయి తన దగ్గరుందని ఆమె అప్పుడే అక్కడి నుంచే భూగర్భ శాఖ పై ఆఫీసుకు మెయిల్ పంపింది. నేను పక్కనే ఉన్నాను.

ఇది ఉల్కా కాదా, ఏ రకమో తేలాలంటే పలుచగా కోసి మైక్రోస్కోపు కింద పెట్టాలంది. కాలేజీలో కోత యంత్రం ఆరేళ్లుగా పనిచేయడం లేదు. హిందూపురంలో గ్రానైట్ కోసేవాళ్లు ఎవరైనా తెలుసా అని నన్నడిగింది.

మా నాయన ఉన్నాడన్నాను. ఆ వెంటనే, ఆయనకు టీబీ అని కూడా చెప్పాను.

మా నాయన పేరు దస్తగిరి. హిందూపురం పక్క ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్లు పలకలు కోశాడు. రెండేళ్ల కిందట దగ్గు ఆగకపోతే ఆసుపత్రికి తీసుకుపోయాను. టీబీ అన్నారు. ఆరునెలల మాత్రలు మింగాడు. తగ్గలేదు. మళ్లీ ఎనిమిది నెలలు ఇచ్చారు. తగ్గలేదు. మూడోసారి మొదలుపెట్టారు.

ఆ రెండేళ్లూ నాయన మంచం వసారాలో ఉంది. గ్లాసు వేరు, చెంబు వేరు, అన్నం తినే తట్ట వేరు. మా ఊళ్లో స్టీలు సామాన్ల మీద పేరు కొట్టించేది పెళ్లిళ్లలో చదివించేదానికి. మా అమ్మ మదార్‌బీ ఆ తట్టను బజారుకు తీసుకుపోయి 'దస్తగిరి' అని కొట్టించింది, మిగిలిన వాటితో కలవకుండా. నా కూతురు ఆయన వసారాలోకి మారాక పుట్టింది. పద్నాలుగు నెలల పిల్ల. గడప దాటి పోబోతే నా భార్య జరీనా వెనక్కి ఎత్తుకొచ్చేది. నాయన ఆ పిల్లను ఎప్పుడూ ఎత్తుకోలేదు.

సుచిత్ర మా వసారాలోనే కూర్చుని నాయనకు పని చెప్పింది. జరీనా ఇచ్చిన కుర్చీని ఆమె మంచం దగ్గరకు లాక్కుంది. అమ్మ లోపలి నుంచి చూస్తోంది.

"ఎంత మందం కావాల మేడం?" అన్నాడు నాయన.

"వెంట్రుకలో సగం కూడా ఉండకూడదు."

నాయన నవ్వాడు. రెండేళ్లలో ఆయన నవ్వడం నేను చూడలేదు. "రాతిని కోయమంటాండావా, ఉల్లిపొర తీయమంటాండావా?"

పాత తోటిపనివాడి దగ్గర చిన్న కోత మిషను అడిగి తెచ్చాను. పెరట్లో పెట్టాం. నాయన బకెట్‌తో నీళ్లు తెమ్మన్నాడు. సుచిత్ర వద్దంది. ఈ రాయిలో ఇనుము రవ్వలుంటాయి, నీళ్లు తగిలితే తుప్పు పట్టి పరీక్షకు పనికిరాకుండా పోతాయి, అందుకే కిరసనాయిలు వాడాలంది.

"నీళ్లు వద్దంటే నాకేం కొత్త కాదులే. ఫ్యాక్టరీలో పద్దెనిమిదేండ్లు నీళ్లు ల్యాకుండానే కోసినాం. హిందూపురంలో తాగేదానికే నీళ్లు ల్యావు, రాతికి యాడ తెచ్చేది అనేవోడు సూపరైజరు. సాయంత్రానికి అందరం సున్నం గుంతలోంచి లేసొచ్చినట్ల ఉంటాంటిమి."

 సుచిత్ర సంచిలోంచి మాస్కు తీసి నాయన ముక్కుకు తనే కట్టింది. రాయి ఆరకుండా కిరసనాయిలు పోస్తూ ఉండమని నాకు చెప్పింది.

నాయన అగ్గిపెట్టె మందాన పలక కోశాడు. దాన్ని గాజుముక్కకు అంటించి, కార్బొరండం పొడి చల్లిన అద్దం పలక మీద చేత్తో అరగదీశాడు. నాలుగు పొద్దులు పట్టింది. రోజూ గంట అరగదీస్తే గంట పడుకునేవాడు. ఆయన చూపు ఆ ఏడాది మందగించింది. అందుకే ఎంత అరిగిందో వేలితో తడిమి చూసేవాడు. మూడోరోజు నా పేపరు తెమ్మని, రాతి పొరను దాని మీద పెట్టి నన్ను చదవమన్నాడు. రాతిలోంచి అక్షరాలు కనబడ్డాయి. చదివాను.

"ఇంకా దొడ్డుగానే ఉండాది," అన్నాడు. నాలుగోరోజు అరగదీస్తూ మధ్యలో ఆగి, వేళ్లు రుద్ది చూసుకుని అన్నాడు: "దీంట్లో పలుగు ల్యా."

గ్రానైట్‌లో మెరిసే తెల్లరాయి పలుగురాయి. నేను ఆ మాట పట్టించుకోలేదు.

మరుసటి వారం శనివారం పాసింజరులో ముగ్గురం ధర్మవరం పోయాం. నాయన తలుపు దగ్గర, ముఖం బయటికి పెట్టి నిలబడ్డాడు. ఖాళీ సీట్లున్నాయి. రమ్మంటే రాలేదు. పెనుకొండలో ఎక్కిన ఒకామె పిల్లను ఎత్తుకుని ఆయన పక్కగా లోపలికి పోతుంటే ఆయన ఊపిరి బిగబట్టాడు. ఆమె పోయాక వదిలాడు.

కాలేజీ ల్యాబులో సుచిత్ర గాజుపలకను మైక్రోస్కోపు కింద పెట్టి పావుగంట చూసింది. తర్వాత కాగితం మీద ఒక అక్షరం, ఒక అంకె రాసింది: ఎల్, ఐదు.

"ఏం చూసి రాసినారు మేడం?" అన్నాను. ఇరవై రెండేళ్లుగా తహసీల్దార్లనూ ఎస్సైలనూ అడిగే ప్రశ్న అది.

ఆమెకు కోపం రాలేదు. కుర్చీ నాకిచ్చి చూడమంది. బూడిదరంగు మధ్య గుండ్రటి గింజలు కనబడ్డాయి. పెద్దవి ఆవగింజంత, చిన్నవి గసగసాలంత. భూమ్మీద పుట్టిన రాళ్లలో ఇలాంటి గింజలుండవంది. ఇది పై నుంచి వచ్చిందనడానికి అదీ, నల్ల పెచ్చూ సాక్ష్యం. ఇనుము రవ్వలు ఎంత మేర ఉన్నాయో గళ్లు గీసి కొలిచింది. ఎక్కువుంటే హెచ్, తక్కువుంటే ఎల్, ఇంకా తక్కువుంటే ఎల్ఎల్. ఖనిజాల లోపల ఇనుము ఎంతుందో పెద్ద ల్యాబులో కొలిచాకే ఎల్ ఖాయమవుతుందని పక్కన రాసింది. ఐదు అనేది గింజల అంచులను బట్టి. రాయి పుట్టిన చోట ఎంత వేడికి ఉడికితే అంచులు అంత చెదిరిపోతాయి. మూడులో అంచులు కోసినట్టుంటాయి. ఆరులో గింజే కనబడదు.

నాయన చూస్తానన్నాడు. చాలాసేపు చూశాడు.

"సంగటి," అన్నాడు. "నూకలేసి రాగిపిండి కెలికినాం చూడు, అట్ల. కొంచెం ఉడికితే నూక నూకగా ఉంటాది. బాగా ఉడికితే పిండిలో కలిసిపోతాది. దీంట్లో నూకలు మెత్తబడినాయి గానీ ఇంకా అగపడతాండాయి."

"నేను పిల్లోళ్లకు ఇంకమీద ఇట్లనే చెప్తా," అంటూ సుచిత్ర మైక్రోస్కోపు మీద మీట తిప్పింది, గింజల్లో రంగులు తేలేలా. "రంగులు చూస్తాండారా? ఆ నీలం, గులాబీ, పచ్చ రంగులవి ఆలివీన్ అనే ఖనిజం."

"రంగులా?" నాయన మళ్లీ వంగి చూశాడు. "నాకేం రంగులు తెలీడం ల్యా. గింజలు తెలుస్తాండాయి, అంతే."

ఆమె ఆయన వైపు చూసింది. తర్వాత రాయిలో ఉన్న ఖనిజాలు వరసగా చెప్పింది. ఆలివీన్, పైరాక్సీన్, కాస్త ఫెల్స్‌పార్, ఇనుము, ఇనుముతో కలిసిన గంధకం.

"పలుగు?" అన్నాడు నాయన.

"ల్యా. ఈ రకం రాళ్లలో ఉండదు."

"అరగదీసినప్పుడే అనుకున్యా. పలుగుంటే చేతికి గరగర తగుల్తాది."

"మీరు పద్దెనిమిదేండ్లు కోసిన గ్రానైట్‌లో పావు వంతు పైన అదే ఉండాది," అంది సుచిత్ర. "నీళ్లు ల్యాకుండా కోస్తే ఆ పలుగు దుమ్మంతా యాడికి పోతాది?"

 ఆమె నా వైపు తిరిగింది.

"టీబీ అని ఏం చూసి రాసినారు సార్?"

 రెండేళ్లు ఫైలు మోసింది నేను. ఒక్కసారి కూడా దాన్ని వార్త కాగితం చదివినట్టు చదవలేదు.

ఆదివారం చదివాను. కఫం పరీక్షలు మూడు. మూడింటిలోనూ క్రిమి లేదని ఉంది. ఎక్స్‌రే మీద ఒక వాక్యం: 'రెండు వైపులా మచ్చలు, టీబీ కావచ్చు.' దాని తర్వాతి కాగితం మందుల చీటీ. అందులో టీబీ ఉంది, 'కావచ్చు' లేదు. అక్కడి నుంచి ఇరవై ఆరు కాగితాల్లో ఎక్కడా లేదు. ఏం పని చేసేవాడో ఒక్క కాగితంలోనూ లేదు.

సోమవారం ఫైలు పట్టుకుని మాకు మాత్రలిచ్చే ఆసుపత్రికి పోయాను. డాక్టరుకు నేను తెలుసు. టీ తెప్పించాడు.

"ఏం చూసి రాసినారు సార్?"

"ఈ వయసు, ఈ ఊరు, ఆ మచ్చలు. ఇంకేం రాయాల తన్వీర్?"

"కఫంలో మూడుసార్లు ల్యాదని ఉండాది."

"అందుకే గదప్పా రెండోసారి కోర్సు ఇచ్చింది."

"ఏం పని చేస్తాండ్య అని అడిగినారా?"

"ఫారంలో ఆ గడి ల్యా."

ఆ మాట నేను రాసుకున్నాను. రాసుకోవడం చూసి ఆయన గొంతు మారింది. మాత్రలు ఊరికే ఇస్తున్నామన్నాడు. రోజుకు నూటయాభై మందిని చూస్తానన్నాడు. నాయన ఎట్లా తింటున్నాడని అడిగాడు. వేరే తట్టలో బాగానే తింటున్నాడని చెప్పాను.

"వేరే తట్టనా? టీబీ అయినా తట్టలతో అంటదప్పా. ఆ మాట మీకు ఎవరు చెప్పినారు?"

నేను లేచి వచ్చేశాను.

ఎవరు చెప్పారో నాకు తెలుసు. నాయనకు జబ్బు చేయడానికి ముందు మార్చిలో, టీబీ దినం నాడు, ఏడో పేజీలో నేను రాసిన వార్త. అవగాహన సదస్సులో ఒక అధికారి ఐదు జాగ్రత్తలు చెప్పాడు. అందులో పాత్రల మాట లేదు. ఆ జాగ్రత్తలు వేసే పెట్టెకు ఇంకో వాక్యం తగ్గిందని పేపరు డెస్కు వాళ్లంటే, 'రోగి వాడే పాత్రలు వేరుగా ఉంచాలి' అని నేను కలిపాను. అందరికీ తెలిసిన సంగతే కదా అనుకున్నాను. ఎవరినీ అడగలేదు. నా పేరుతో వచ్చిన వార్తలన్నీ కత్తిరించి బీరువా తలుపు లోపల అంటించడం అమ్మకు అలవాటు. ఇంటికి వచ్చి బీరువా తెరిచాను. అది అక్కడే ఉంది, పైనుంచి మూడోది.

ఆ సాయంత్రం అన్నం ముందు ఆ సంగతి ఇంట్లో చెప్పాను. అమ్మ నా తట్టలో అన్నం పెట్టి లోపలికి పోయింది. నాయన వసారాలో ఉన్నాడు. ఆయనకు వినబడింది. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

పుట్టపర్తిలో ఊపిరితిత్తుల డాక్టరు వేణుమాధవ్ ఎక్స్‌రే కవరు తెరవకముందే ఏం పని చేసేవారని నాయనను అడిగాడు. ఎన్నేళ్లు, నీళ్లు పోసి కోశారా, ముక్కుకు ఏం కట్టుకునేవారు అని అడిగాడు. ముక్కుకు టవలు కట్టేవాళ్లమని, దుమ్ముతో అదే గట్టిపడేదని నాయన చెప్పాడు. కొత్త ఎక్స్‌రే, స్కానింగు, మళ్లీ కఫం పరీక్ష అయ్యాక పదిరోజులకు మమ్మల్ని పిలిచాడు. ఫిల్మును లైటు మీద పెట్టాడు.

"నేను ఏం చూసి రాస్తున్నానో మీకు తెలియాలి," అన్నాడు. ఆ మాట ఆయనకు ఎవరూ నేర్పలేదు.

రెండు ఊపిరితిత్తుల పైభాగంలో గుండ్రటి మచ్చలు. రాగిగింజలంత. ఒక్కొక్కటీ పెన్సిలుతో చూపించాడు. దగ్గర్లోని గ్రంథుల చుట్టూ గుడ్డుపెంకు లాంటి గీత ఉంది. అదీ చూపించాడు. కఫంలో ఈసారీ క్రిమి లేదు. కాగితం మీద సిలికోసిస్ అని రాసి, కింద కారణం రాశాడు: గ్రానైట్ దుమ్ము, పద్దెనిమిదేళ్లు.

నాయన ఫిల్ము మీదికి వంగాడు. ధర్మవరంలో వంగినట్టే.

"ఇది పలుగేనా సార్?"

"పలుగు చేసిన గాయాలు. ఇది ఎవరికీ అంటదు." ఫిల్మును లైటు మీది నుంచి తీశాడు. "తగ్గేది కూడా కాదు."

"మరి ఆ మాత్రలు?"

"అక్కర్లేదు. ఈరోజే ఆపేయండి." తర్వాత నాయన కళ్ల ముందు రంగుల చుక్కల పుస్తకం తెరిచి అంకెలు చదవమన్నాడు. నాయన చదవలేకపోయాడు. ఆ మాత్రల్లో ఒకదానితో కొందరికి చూపు తగ్గుతుందని, రంగులు పోతాయని, ఎక్కువకాలం వాడితే తిరిగి రాకపోవచ్చని వేణుమాధవ్ నాకు విడిగా చెప్పాడు. మూడోసారి కోర్సు ఎవరు మొదలుపెట్టారని అడిగాడు. చెప్పాను. ఆయన పెన్ను మూతపెట్టి జేబులో పెట్టుకున్నాడు.

మే నెలంతా నేను నాయనతో పనిచేసినవాళ్లను వెతికాను. ఇరవై ముగ్గురు. నలుగురు చనిపోయారు. మిగిలినవాళ్లలో తొమ్మిదిమంది దగ్గర టీబీ కార్డులున్నాయి. ఏ కార్డులోనూ చేసే పని రాసి లేదు. గాండ్లపెంటలో హరి అనే ఆయన మంచంలోంచి లేవలేకపోయాడు. ఆయన భార్య కార్డు చూపించి, "మా ఇంట్లోకి యాడాదిగా వచ్చిన మనిషివి నువ్వేనప్పా," అంది. ఆ ఇంట్లో గూట్లో ఒక తట్ట విడిగా బోర్లించి ఉంది. నేను దాని గురించి అడగలేదు. టీబీ అయినా తట్టలతో అంటదని, పలుగు దుమ్ము జబ్బయితే అసలే అంటదని ఆమెకు చెప్పి వచ్చాను.

జూన్ మొదటివారంలో రాయి సంగతి తేలింది. పెద్ద ల్యాబులో కొలిచారు. ఎల్, ఐదు. సుచిత్ర మొదటిరోజు రాసిందే. ప్రకటనలో ముగ్గురు శాస్త్రవేత్తల పేర్లున్నాయి. వాళ్లలో ఎవరూ తిరుపాల్ తోట చూడలేదు. సుచిత్ర పేరు లేదు. రాతి పొర గురించి 'స్థానికంగా తయారుచేయబడింది' అని ఉంది. ఆమెకు ఫోన్ చేస్తే, గాజుపలక పంపేముందు దాని అంచున చీటీ అంటించి దస్తగిరి, హిందూపురం అని రాశానంది. వాళ్లు పీకేయకుండా ఉంటే అది అక్కడే ఉంటుందంది.  

ఆ వారం నేను రెండు వార్తలు పంపాను. రాయి వార్త మొదటి పేజీలో వచ్చింది, ముగ్గురి ఫొటోలతో. ఇరవై ముగ్గురి వార్త రాలేదు. ఫ్యాక్టరీ వివరణ ఏదని డెస్కు అడిగింది. వివరణ తీసుకుని పంపాను. డాక్టరు కాగితం కావాలంది. పంపాను. తర్వాత స్థలం లేదంది. రోజూ పంపుతున్నాను. ఒకరోజు ఏడో పేజీలో పావు పేజీ ఫ్యాక్టరీ ప్రకటన ఉంది, కొత్త షోరూము గురించి. రాతి పలకలు మెరుస్తున్నాయి.

పుట్టపర్తి డాక్టరు కాగితం రాసిచ్చిన వారమే నాయన మంచం ఇంట్లోకి వచ్చింది; ఆ శుక్రవారం అమ్మ సంగటి చేసింది. అందరికీ ఒకే రకం తట్టలు పెట్టింది. నాయన వచ్చి కూర్చుని తన ముందున్నదాన్ని చూశాడు.

"నా తట్ట యాడ?"

అటక మీద పెట్టానంది అమ్మ. పాతసామాన్లవాడు వస్తే వేసేస్తానంది.

"తే."

"దాంతో పనేముండాది ఇంక?"

"రెండేండ్లు దాంట్లో తిన్యా. నా పేరుండేది దాని మీదొక్కటే. తే."

అమ్మ స్టూలు వేసుకుని అటక మీద నుంచి తట్ట దించి, కడిగి తెచ్చింది. నాయన సంగటి ముద్ద అందులోకి మార్చుకుని చెనక్కాయల ఊరిబిండి పచ్చడి పక్కన పెట్టుకున్నాడు. పిల్లను ఇమ్మని జరీనా వైపు చేతులు చాపాడు. జరీనా ఇచ్చింది. పిల్ల కొత్త మనిషిని చూసినట్టు చూసి, చొక్కా గుండీ పట్టుకుంది.

నాయన తన తట్టలోంచి మొదటి ముద్ద పిల్ల నోట్లో పెట్టాడు. రెండోది అమ్మ వైపు చాపాడు. పెళ్లయిన నలభై ఏళ్లలో ఆయన అట్లా ఎప్పుడూ చేయలేదని అమ్మ తర్వాత చెప్పింది. అమ్మ కళ్లు దించుకుని నోరు తెరిచింది.

ఆ పక్కన నేనున్నాను. మూడో ముద్ద చేశాడు. నా వైపు చూశాడు.

దాన్ని ఆయనే తిన్నాడు.